మ్యాచ్ టెన్షన్‌కి వీఆర్ హెడ్‌సెట్ పనికొస్తుందా?

కోచ్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 13, 14 ఏళ్ల పిల్లల ఫుట్‌బాల్ జట్టు మీది. గోల్‌కీపర్ ప్రాక్టీస్‌లో బాగా ఆపుతాడు, మ్యాచ్‌లో మాత్రం తొందరపడి ముందే ఒక పక్కకి దూకేస్తున్నాడు. పెనాల్టీలు కొట్టే అబ్బాయి ప్రాక్టీస్‌లో గురి తప్పడు, జనం ముందు నిలబడితే బంతిని తిన్నగా కీపర్ చేతుల్లోకే కొడుతున్నాడు. క్లబ్బు వాళ్లు ఒక వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకి తగిలించుకుంటే వేరే చోట ఉన్నట్టు చూపించే పరికరం, కొనిస్తామంటున్నారు. అది ఈ టెన్షన్ పోగొడుతుందా, ఏ యాప్ తీసుకోవాలి, పిల్లల కళ్లకి ఏమైనా అవుతుందా అని అడిగారు.

కొనొచ్చు. అయితే మీ కీపర్ సమస్యా, పెనాల్టీ అబ్బాయి సమస్యా ఒకటి కాదు. రెండిటినీ ‘మ్యాచ్ టెన్షన్’ అని ఒకే గాటన కట్టేస్తే హెడ్‌సెట్ నెల తిరక్కముందే అల్మారాలోకి చేరుతుంది. నేను చూసిన చాలా క్లబ్బుల్లో జరిగింది అదే. మొదటి వారం పిల్లలు ఎగబడతారు, రెండో వారం దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

ఆటగాళ్లకి, సంగీత కళాకారులకి మానసిక శిక్షణ ఇవ్వడం నా వృత్తి. వీఆర్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. నాకు తేలింది ఇదీ: హెడ్‌సెట్ చేతికీ కాలికీ పెద్దగా ఏమీ నేర్పదు. చేయో కాలో కదలడానికి ముందు జరిగే పని ఒకటుంది కదా, అంటే ఏం చూడాలి, ఎంతసేపు ఆగాలి, ఏది ఎంచుకోవాలి, గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా ఇవన్నీ ఎలా చేయాలి అన్నది, అక్కడ అది బాగా పనిచేస్తుంది. మీ ఇద్దరు పిల్లల సమస్యలూ ఆ ముందు భాగంలోనే ఉన్నాయి కాబట్టి కొనొచ్చు అంటున్నాను. కిక్ కొట్టే తీరే సరిగా లేదని రాసి ఉంటే వద్దనేవాణ్ని.

ముందు ఒక సాంకేతిక విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు రెండిటినీ వీఆర్ అనే అంటారు. ఒకటి 360 డిగ్రీల వీడియో. మైదానంలో ఆటగాడు నిలబడే చోట కెమెరా పెట్టి చుట్టూ తీసిన దృశ్యం. తల తిప్పి ఎటైనా చూడొచ్చు, కానీ ఒక అడుగు పక్కకి వేస్తే దృశ్యం మారదు, మీరు చేసినదానికి అవతలివాళ్లు స్పందించరు. రెండోది కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కట్టిన మైదానం. అందులో పక్కకి జరిగితే కోణం మారుతుంది, చెయ్యి చాపితే బంతి తగులుతుంది.

వీడియో రకాన్ని తక్కువగా చూడకండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో విసిరే వేరే ఆట) వీఆర్ పేరు వినిపించడం మొదలైంది దానితోనే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టులో ఒకప్పుడు కిక్కర్‌గా ఆడిన డెరెక్ బెల్చ్, అక్కడి వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్ నడిపే జెరెమీ బెయిలెన్సన్ దగ్గర పనిచేస్తూ, క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) నిలబడే చోటి నుంచి ఎదుటి జట్టు ఎలా కనిపిస్తుందో తీసి చూపించాడు. 2015లో అదే స్ట్రైవర్ అనే కంపెనీ అయింది. క్వార్టర్‌బ్యాక్‌కి కావలసింది ఎదుటివాళ్ల మోహరింపు చూసి నిర్ణయం తీసుకోవడం. దానికి వీడియో చాలు. ఆ తర్వాతి తరంలో జేడెన్ డేనియల్స్ అనే క్వార్టర్‌బ్యాక్ గ్రాఫిక్స్ రకం వీఆర్‌లో ఆటని మామూలు కన్నా వేగంగా నడిపించుకుని సాధన చేశాడని చాలా రాశారు. అతనికి 2023లో కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది, మరుసటి ఏడాది అక్కడి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టాక ఉత్తమ కొత్త అటాకింగ్ ఆటగాడిగా అవార్డు వచ్చింది. ఇది వినగానే క్లబ్బుల వాళ్లు ఆర్డర్ పెట్టేస్తారు. అతను అంత బాగా ఆడటానికి వీఆర్ కారణమా, ఆ స్థాయి ఆటగాడు కాబట్టి వీఆర్‌ని కూడా బాగా వాడుకున్నాడా అన్నది ఒక్కడి కథతో తేలేది కాదు.

ఇంకాస్త గట్టి ఆధారం కావాలంటే బేస్‌బాల్‌లో ఉంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబ్ గ్రే 2017లో ప్రచురించిన ప్రయోగంలో 80 మంది హైస్కూల్ వయసు ఆటగాళ్లని 4 జట్లుగా చేసి 6 వారాలు చూశాడు. ఒక జట్టుకి మామూలు శిక్షణ, ఇంకో జట్టుకి దానికి తోడు అదనంగా నిజమైన బ్యాటింగ్ ప్రాక్టీస్, మూడో జట్టుకి అదనంగా వర్చువల్ బ్యాటింగ్. నాలుగో జట్టుకి కూడా వర్చువల్ బ్యాటింగే, కానీ ఆటగాడు మెరుగైన కొద్దీ బంతులు కష్టమవుతూ పోతాయి. అందరికన్నా ఎక్కువ బాగుపడింది ఈ నాలుగో జట్టు, అది కూడా నిజమైన మైదానంలో. మూడో జట్టుకీ నాలుగో జట్టుకీ పరికరం ఒకటే. కాబట్టి ఫలితం వచ్చింది పరికరం వల్ల అనడం కన్నా, కష్టాన్ని ఒక్కొక్క మెట్టు పెంచుతూ పోయే శిక్షణ వల్ల అనడం సబబు. మామూలు మైదానంలో బౌలర్‌నో కిక్కర్‌నో ‘ఇప్పుడు ఇంకో అయిదు శాతం కష్టంగా వెయ్యి’ అని అడగలేం. ఇక్కడ అడగొచ్చు. నాకు వీఆర్ మీద నమ్మకం కుదిరింది ఈ ఒక్క కారణం వల్లే.

ఇప్పుడు మీ కీపర్ దగ్గరికి వద్దాం. పెనాల్టీ దూరం 11 మీటర్లు. గట్టిగా కొట్టిన బంతి అర సెకనులోపే గోల్ దగ్గరికి వచ్చేస్తుంది. బంతి బయల్దేరాక చూసి దూకితే మూలకి వెళ్లే బంతి అందదు, అందుకే కీపర్లు కిక్కర్ ఒంటి కదలికని బట్టి ముందే ఊహిస్తారు. ఎంత ముందు అన్నదే చిక్కు. ముందుగా కనిపించే సంకేతాల్లో అబద్ధాలు ఎక్కువ. దీని మీద వీఆర్‌తోనే చేసిన చక్కని పని ఒకటుంది, కాకపోతే రగ్బీలో. బ్రో, బీడో, కుల్పా, క్రెయిగ్ 2012లో ప్రచురించారు. ఎదురుగా పరిగెత్తుకొచ్చే వర్చువల్ ఆటగాడు ఒక పక్కకి వెళ్తున్నట్టు నటించి రెండో పక్కకి తిరుగుతాడు. కొత్తవాళ్లు అతని తలని, భుజాలని, బయటికి వేసిన పాదాన్ని నమ్మి మోసపోయారు. అనుభవం ఉన్నవాళ్లు శరీరం బరువు నిజంగా ఎటు కదులుతోందో చూశారు, కదలడానికి ఎక్కువసేపు ఆగారు. తలతో, భుజంతో అబద్ధం ఆడొచ్చు గానీ ఒంటి బరువుతో ఆడటం కష్టం.

మీ వాడు ముందే దూకేయడం ఈ కథలానే ఉంది. ప్రాక్టీస్‌లో సహచరుల కిక్ అతనికి అలవాటు, మ్యాచ్‌లో కొత్త కాళ్లు. దానికి తోడు భయం వేసినప్పుడు ఆగి చూడటం కన్నా ఏదో ఒకటి చేసేయడం హాయిగా ఉంటుంది. కాబట్టి అతనికి గ్రాఫిక్స్ రకం వీఆర్ కావాలి, అందులో రకరకాల కిక్కర్లు ఉండాలి, నటించే కిక్కర్లు తప్పకుండా ఉండాలి. మొదట అసలు దూకొద్దని చెప్పండి. నిలబడి చూసి, ఎటు వెళ్తుందో చివరి క్షణంలో నోటితో చెప్పమనండి. అది కుదిరాక దూకడం. చాలామంది కోచ్‌లు స్కోరు చూసి సంబరపడతారు. మీరు మాత్రం ఎన్ని ఆపాడన్నది పక్కనపెట్టి, ఎంత ఆలస్యంగా కదిలాడన్నది రాసుకోండి.

ఒక హెచ్చరిక. వంపు తిరిగే ఫ్రీ కిక్ విషయంలో పెద్ద ఆటగాళ్ల కళ్లు కూడా మోసపోతాయి. కేథీ క్రెయిగ్ బృందం 2006లో యూరప్ పెద్ద క్లబ్బుల ప్రొఫెషనల్ ఆటగాళ్లకే వీఆర్‌లో స్పిన్‌తో తిరిగే బంతులు చూపించి గోల్‌లోకి వెళ్తాయో లేదో అడిగితే, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా స్పిన్ దిశని బట్టి పొరపడ్డారు. గాల్లో పక్కకి పెరిగే వంపుని కన్ను సరిగ్గా లెక్కకట్టలేదు. కాబట్టి అలాంటి బంతుల్లో మీ వాడు తడబడితే అది ధైర్యానికి సంబంధించిన విషయం అనుకోకండి.

పెనాల్టీ అబ్బాయిది వేరే కథ. ఇక్కడ ఎక్స్‌టర్ యూనివర్సిటీలో విల్సన్, వుడ్, వైన్ 2009లో చూపించింది గుర్తుచేస్తాను. ఆందోళన పెరిగినప్పుడు కిక్కర్ల చూపు గోల్ మూలని వదిలి కీపర్ మీదికి తొందరగా వెళ్లింది, అక్కడే ఎక్కువసేపు నిలిచింది. బంతి కూడా కీపర్‌కి దగ్గరగానే వెళ్లింది. కన్ను ఎక్కడుంటే కాలు అటే పోతుంది. మీరు రాసినదానికి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. నార్వేకి చెందిన గేర్ యోర్డెట్ పెద్ద టోర్నమెంట్ల షూటౌట్ల వీడియోలు పరిశీలించి ఇంకో సంగతి చెప్పాడు: విజిల్ మోగగానే హడావిడిగా కొట్టేసేవాళ్లు ఎక్కువగా తప్పుతున్నారు. ఆ ఇరకాటం నుంచి త్వరగా బయటపడాలన్న ఆత్రం అది.

అయితే ఇతనికి హెడ్‌సెట్ పెట్టి వర్చువల్ బంతిని తన్నించకండి. గాల్లోకి కాలు విసిరితే బంతి తగిలిన స్పర్శ ఉండదు, బరువు ఉండదు. హెడ్‌సెట్లో దూరం అంచనా కూడా కొంచెం తేడాగా ఉంటుంది. లోపలి తెర ఒకే దూరంలో ఫోకస్ అయి ఉంటుంది, రెండు కళ్లు మాత్రం దగ్గరి వస్తువుకి లోపలికి, దూరపు వస్తువుకి బయటికి తిరుగుతుంటాయి. మామూలు చూపులో ఈ రెండూ కలిసి నడుస్తాయి, ఇక్కడ విడిపోతాయి. కళ్లు అలసిపోవడానికి, దూరం తప్పుగా అనిపించడానికి ఇదొక కారణం. బాగా కుదిరిన కిక్‌ని ఇలాంటి చోట పదేపదే సాధన చేయించి చెడగొట్టుకోవడం ఎందుకు?

వీఆర్ అతనికి ఇవ్వగలిగేది కిక్‌కి ముందున్న ఆ నిమిషం. మైదానం మధ్య నుంచి ఒంటరిగా నడిచి రావడం, ఈలలు, కీపర్ గీత మీద గెంతడం, రిఫరీ ఆలస్యం చేయడం. ఇవన్నీ 360 వీడియోలో తీసుకోవచ్చు, దీనికి ఖరీదైన యాప్ అక్కర్లేదు. ఒక మ్యాచ్ రోజున, అనుమతి తీసుకుని, ఆట మొదలయ్యేలోపు జనం ఉండగా కెమెరాని తల ఎత్తులో పట్టుకుని ఆ దారంతా మెల్లగా నడవండి. తర్వాత మైదానంలోనే, పెనాల్టీ స్పాట్ పక్కన నీడ పట్టున కుర్చీ వేసి అబ్బాయిని కూర్చోబెట్టి ఆ వీడియో చూపించండి. విజిల్ మోగే ముందు హెడ్‌సెట్ తీసేసి, లేచి, నిజమైన బంతిని నిజమైన కీపర్ మీద కొట్టాలి. మనసులోకి మ్యాచ్ వచ్చి ఉంటుంది, కాలికి దొరికేది అసలు బంతి. నేను ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. హెడ్‌సెట్‌కీ బంతికీ మధ్య వ్యవధి పెరిగే కొద్దీ దీని ప్రభావం చప్పబడుతుంది, అందుకే గదిలో కాకుండా మైదానంలోనే చేయమంటున్నాను.

‘అది నిజం కాదని వాడికి తెలుసు కదా, టెన్షన్ ఎందుకొస్తుంది?’ అని అడిగారు. వస్తుంది. పెర్టాబ్, స్లేటర్, బార్కర్ 2002లో కొందరి చేత కంప్యూటర్ గీసిన శ్రోతల ముందు ప్రసంగం చేయించారు. శ్రోతలు విసుగ్గా, చిరాగ్గా ప్రవర్తించినప్పుడు మామూలుగా ధైర్యంగా మాట్లాడేవాళ్లకి కూడా ఆందోళన కలిగింది. వాళ్లు బొమ్మలని అక్కడ అందరికీ తెలుసు. మెల్ స్లేటర్ తర్వాత దీన్ని రెండుగా విడదీశాడు: ‘నేను అక్కడే ఉన్నాను’ అనే భ్రమ ఒకటి, ‘ఇక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతోంది’ అనే భ్రమ ఇంకొకటి. మొదటిది పరికరం బాగుంటే వస్తుంది. రెండోది రావాలంటే లోపలి మనుషులు మనకి స్పందించాలి. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్నది దీనికి పెద్దగా లెక్కలోకి రాదు. మీరు ఏ యాప్ చూసినా, ఆటగాడు తప్పు చేసినప్పుడు జనం అరుపు మారుతోందా అని గమనించండి.

సంగీతంలో దీన్ని మనకన్నా శ్రద్ధగా చేశారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో విద్యార్థుల కోసం ఒక పర్‌ఫార్మెన్స్ సిమ్యులేటర్ ఉంది. హెడ్‌సెట్ ఉండదు, ఎదురుగా పెద్ద తెర మీద శ్రోతలో, ఆడిషన్ జడ్జీలో కనిపిస్తారు, వాళ్ల తీరుని బయట నుంచి మార్చొచ్చు. నాకు నచ్చింది అంతకుముందు భాగం: విద్యార్థి మొదట తెర వెనక గదిలో ఎదురుచూస్తాడు, ఒకరు వచ్చి పిలుస్తారు, అప్పుడు వేదిక మీదికి నడుస్తాడు. 2014లో వయొలిన్ విద్యార్థుల మీద చూస్తే, సిమ్యులేటర్లో ఆడిషన్‌కీ నిజమైన ఆడిషన్‌కీ గుండె లయలో, ఆందోళనలో వచ్చిన స్పందన చాలావరకు ఒకేలా ఉంది. వేదిక కన్నా వేదికకి ముందున్న నిరీక్షణే చాలామందిని వణికిస్తుంది. అందుకే పెనాల్టీ అబ్బాయికి నడకని అంత వివరంగా తీయమన్నాను.

ఒత్తిడి ఎంత ఉండాలి? అసలు ఫైనల్ అంత ఉండక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో ఔదెయాన్స్, పైపర్స్ చేసిన డార్ట్స్ ప్రయోగం ఒకటుంది, 2010లో వచ్చింది. క్లైంబింగ్ గోడ మీద కొంచెం ఎత్తులో నిలబెట్టి, కాస్త భయం ఉన్న స్థితిలో డార్ట్స్ విసరడం సాధన చేయించారు. అలా సాధన చేసినవాళ్లు తర్వాత అంతకన్నా ఎక్కువ భయం ఉన్నప్పుడు కూడా గురి నిలుపుకున్నారు. భయం లేకుండా హాయిగా సాధన చేసినవాళ్ల గురి దెబ్బతింది. కొంచెం ఉప్పు తగిలితే చాలు, గుప్పెడు వేయక్కర్లేదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. మొదటి రోజే 50,000 మంది ఈలలు వేసే స్టేడియంలో నిలబెట్టి తప్పు కొట్టించి, జనం చేత తిట్టించే యాప్‌లు ఉన్నాయి. అది శిక్షణ అనిపించుకోదు. ముందు ఖాళీ మైదానం, తర్వాత నిశ్శబ్దంగా ఉన్న జనం, తర్వాత సొంత జట్టు అభిమానుల కేకలు, ఆఖర్న ఎదుటి జట్టు వాళ్లవి. ఒక మెట్టు మీద ఊపిరి నెమ్మదించి, చూపు మూల మీద నిలిస్తేనే తర్వాతి మెట్టు. ఊపిరి ఎలా వదలాలి, తనకి తాను ఏ మాట చెప్పుకోవాలి అన్నది హెడ్‌సెట్ పెట్టకముందే నేర్పి ఉండాలి. వట్టి చేతులతో టెన్షన్లోకి తోస్తే పిల్లవాడు నేర్చుకునేది భయపడటమే.

‘కళ్లు మూసుకుని ఊహించుకోమంటే సరిపోదా’ అని వ్యాఖ్యల్లో ఇంకొకరు అడిగారు. చాలామందికి సరిపోతుంది, డబ్బు కూడా మిగులుతుంది. మైకేల్ ఫెల్ప్స్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుండగా గాగుల్స్ నిండా నీళ్లు వచ్చి ఏమీ కనిపించలేదు. చేతులు ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టుకుంటూ ఈది ప్రపంచ రికార్డుతో గెలిచాడు. కోచ్ బాబ్ బోమన్ చిన్నప్పటి నుంచి రేసుని, అందులో వచ్చే అవాంతరాలతో సహా, మనసులో చూసుకోవడం అలవాటు చేశాడు. కానీ అందరికీ మనసులో బొమ్మ రాదు. కొందరికి అస్సలు రాదు. దానికి ఆడమ్ జీమన్ 2015లో అఫాంటేసియా అని పేరు కూడా పెట్టాడు. అలాంటి పిల్లవాణ్ని ‘ఊహించుకో, ఊహించుకో’ అంటే పాపం తలూపుతాడు, లోపల ఏమీ ఉండదు. వీఆర్ ఎవరికన్నా వాళ్లకే ఎక్కువ మేలు. మీ ఇద్దరినీ ముందు అడగండి: కళ్లు మూసుకుంటే గోల్ పోస్ట్ కనిపిస్తోందా, ఎంత స్పష్టంగా?

యాప్ పేరు చెప్పమన్నారు. ఫుట్‌బాల్‌కి రెజిల్, గోల్‌కీపింగ్‌కి క్లీన్‌షీట్ ఉన్నాయి. క్లీన్‌షీట్ పైన చెప్పిన కేథీ క్రెయిగ్ కంపెనీదే. ఏది తీసుకున్నా మీరే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. మీ సీనియర్ జట్టు కీపర్ని, అసలు కీపింగే తెలియని ఒక అబ్బాయిని కాస్త అలవాటు పడనిచ్చి ఆడించండి. ఇద్దరికీ దాదాపు ఒకే స్కోరు వస్తే ఆ యాప్ కీపింగ్‌ని కొలవడం లేదు, వీడియో గేమ్ నేర్పుని కొలుస్తోంది. పక్కన పెట్టేయండి.

ఇక పిల్లల సంగతి. మెటా తన క్వెస్ట్ హెడ్‌సెట్ల కనీస వయసుని 2023లో 13 నుంచి 10కి తగ్గించింది, 13 లోపు వాళ్లకి తల్లిదండ్రులు నడిపే ఖాతా ఉండాలి. మీవాళ్లకి వయసు అడ్డు కాదు, అయినా ఇళ్లలో చెప్పి ఒప్పించే మొదలుపెట్టండి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, అదంతా ముఖం మీదే ఉంటుంది, చిన్న మెడకి అది తక్కువేం కాదు. మొదట్లో 5 నుంచి 10 నిమిషాలు చాలు. దృశ్యం కదులుతూ ఒళ్లు కదలకపోతే కడుపులో తిప్పుతుంది, అందుకే నడిచే వీడియో నెమ్మదిగా తీయమన్నాను, కూర్చోబెట్టి చూపించమన్నాను. తల తిరుగుతోందంటే ‘కాస్త ఓర్చుకో’ అనకుండా వెంటనే తీసేయండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు. ఈ మధ్య తలకి దెబ్బ తగిలి ఉన్నా అంతే. లెన్స్‌ల మధ్య దూరాన్ని ప్రతి పిల్లవాడి కళ్లకి తగ్గట్టు సరిచేయాలి. చాలాచోట్ల ఇది ఎవరూ చేయరు, తలనొప్పి వస్తే వీఆర్‌ని తిడతారు.

చివరిగా పెనాల్టీ అబ్బాయి గురించి ఒకటి అడగాలి. మ్యాచ్ ముందు రోజు నిద్రపోతున్నాడా? వాంతులు, ఆడనని ఏడవడం లాంటివి ఉన్నాయా? ఉంటే హెడ్‌సెట్ సంగతి తర్వాత, ముందు అర్హత ఉన్న సైకాలజిస్ట్‌కి చూపించండి. లేకపోతే ఆ నడక వీడియో తీసి మొదలుపెట్టండి. కీపర్ మ్యాచ్ వీడియో ఏదైనా ఉంటే, కిక్కర్ కాలు బంతికి తగిలే క్షణానికి ఎంత ముందు కదులుతున్నాడో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి అతనికి మెట్లు ఎలా వేయాలో చెప్తాను.